దాదర్‌లో అడిగిన పేరు

బొంబాయి, వర్లీ
ఆషాఢ మాసం, 1958

చి॥ల॥సౌ॥ భూమవ్వకు హనుమండ్లు రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మా అక్క కిష్టవ్వా చల్లగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీతో ఒక కొట్లాట. నీ ఉత్తరం లోపలంతా నీ చేతిరాతే, కవరు మీద మాత్రం మళ్లీ బుచ్చిరాములు మామ కోడిగీతలే. రాత్రిబడిలో మగవాళ్లకంటే ముందు అక్షరాలు నేర్చినదానివి, మొగుడి పేరొక్కటి రాయడానికి పొరుగింటి పెద్దమనిషి కావలసి వచ్చిందా? పెండ్లినాడు గడపలో అక్క అడ్డం నిలబడి "పేరు చెప్పి లోపలికి రా" అంటే, నువ్వు తల వంచుకుని పెదవులు కదిపినావు. చెప్పిందని అక్క దారి వదిలింది. నాకైతే వినపడలేదు. మూడేండ్లయినా అదే మాట అంటాను, నాకు వినపడలేదు.

సరే, ఊరి సంగతి. మొన్న ఆదివారం మిల్లుకు సెలవు. తోటివాళ్లు పేక ముక్కలు పంచుకుంటుంటే నేను బొంబాయి చూడబోయినాను. ఇన్నాళ్లూ ఇక్కడ ఉంటూ మిల్లు, అన్నం తినే ఖానావళి తప్ప నాకూ ఏమీ తెలియదు. రేపు నిన్ను తీసుకొచ్చి నడిరోడ్డు మీద దిక్కులు చూస్తూ నిలబడితే నా పరువేం కావాలి? అందుకని ఇప్పుడు ప్రతి సెలవుకూ ఒక దిక్కు తిరిగి, ఏ బండి ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో నేర్చుకుంటున్నాను.

పరేల్‌లో రెండంతస్తుల ట్రాము ఎక్కి మ్యూజియం దాకా పోయినాను. పైన ముందు సీటు దొరికింది. కిటికీ పక్క జాగా నీకని వదిలి నేను ఇవతల కూర్చున్నాను. నడుమ ఎవరో సేటు ఎక్కి, జరగమని కూడా అనకుండా నన్ను దాటుకుని నీ జాగాలో కూర్చున్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందో! ఏమని కొట్లాడను, అది మా ఇంటిదాని జాగా అననా? దిగి సముద్రం ఒడ్డుకు నడిచినాను. మన మానేరుకు ఎంత వరద వచ్చినా అవతలి గట్టు మీద ఎవరి బర్రెలు మేస్తున్నాయో చెప్పవచ్చు. దీనికి అవతలి గట్టు లేదు. చూసినంతసేపూ నువ్వు పక్కన లేవే అన్న బాధ తప్ప ఇంకేమీ తోచలేదు. నిజం చెబుతున్నాను, నువ్వు లేకుండా చూసినవి నేను చూసినట్టే కాదు.

దీపావళికి మిల్లు మూస్తారు. అప్పుడు నిన్ను పిలిపిస్తాను. ఇది మాట.

నీ హనుమండ్లు


వేములవాడ
శ్రావణ మాసం

ఇంటాయనకు భూమవ్వ దండాలు పెట్టి రాసేది.

నీ ఉత్తరం వదినకు చదివి వినిపించినాను. సేటు ముచ్చట దగ్గర ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పోయింది నా జాగా కదా.

పేరు కొట్లాట మళ్లీ పెట్టకు. పెనిమిటి పేరు తీస్తే ఆయన ఆయుష్షు తరుగుతుందని నన్ను కన్న అవ్వ చెప్పింది. నీ పేరున్న దేవుణ్ని కూడా నేను తోకస్వామి అనే అంటాను. ఆయనకే కోపం రాలేదు, నీకెందుకు వస్తుంది? పోయిన శివరాత్రి జాతర ముచ్చట చెప్పనా. తప్పిపోయినవాళ్లను గుడి ముందర మైకులో పిలుస్తారు కదా. జగిత్యాల దిక్కు ఆమె ఒకతె, మొగుడు కనబడటం లేదని ఏడుస్తూ వచ్చింది. ఊరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది, మొగుడి పేరు అడిగితే మాత్రం "నీకు దండం పెడుత, గది ఒక్కటి అడుగకు" అన్నది. ఆఖరుకు మైకాయన విసుగొచ్చి, "ఎర్ర రుమాలు, బుర్ర మీసాలు, జర కుంటుతడు, ఎక్కడున్నా రావాలె" అని పిలిచినాడు. ఊళ్లో ఉన్న కుంటివాళ్లంతా వచ్చి నిలబడినారు. మేము పడీపడీ నవ్వినాము.

నేను బొంబాయిలో తప్పిపోతానని నీకు ఫికర్ వద్దు. తానం చేసే ధర్మగుండం ఎటు, మొక్కుకున్న కోడెను కట్టే జాగా ఎటు, సత్రం ఎటు అని వచ్చేపోయే యాత్రికులకు రోజూ దారి చెప్పేదాన్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

పొద్దంతా మగ్గానికి కండెలు చుడుతూ నీ ట్రాములో కూర్చుంటాను, సేటు రాకముందే. తినేటప్పుడు నీ పళ్లెం కూడా కడిగి నా పళ్లెం పక్కన పెడుతున్నాను. వదిన చూసి, దాని పక్కన నీళ్ల చెంబు కూడా పెడుతుంది. ఊరు చూడటానికి రమ్మన్నావు, వస్తాను. చూసినావు కదా ఇక పో అంటావేమోనని భయం. నాకు కావలసింది సముద్రం కాదు. ఇంకొకటి అడుగుతాను, కోపం చేయకు. ట్రాము రాసినావు, సముద్రం రాసినావు, నువ్వు పండుకునే జాగా ఎట్లుంటుందో ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదు. అక్కడ నాకు చోటు ఉందా?

భూమవ్వ


బొంబాయి, వర్లీ
ఆశ్వయుజ మాసం

చి॥ల॥సౌ॥ భూమవ్వకు,

బుచ్చిరాములు మామ భివండిలో ఉన్న తమ్ముణ్ని చూడటానికి దీపావళికి వస్తున్నాడట. ఆయన వెంట బయలుదేరు. కామారెడ్డిలో రైలెక్కి, మన్మాడ్‌లో దిగి పెద్ద బండికి మారాలి. అక్కడ మామ చాయ్ తాగి వస్తానంటే పోనీయకు. ఆయన ఊది ఊది తాగేలోపల బండి బొంబాయి చేరుతుంది. దాదర్‌లో నేను నిలబడి ఉంటాను.

మకాం సంగతి అడిగినావు. మా అందరికీ అన్నం వండిపెట్టే సత్తవ్వ సిద్దిపేట మనిషి. తన ఖానావళి వంటింట్లో నిన్ను తన పక్కన పండుకోమన్నది. నా గది సంగతి వచ్చినాక చూద్దువులే.

నీకు చూపించవలసినవన్నీ వరుసగా మనసులో పెట్టుకున్నాను. రాణీబాగ్‌లో ఏనుగు, మలబారు కొండ మీద మనిషి లోపలికి పోయి పైకెక్కే ఇల్లంత బూటు ఒకటి కట్టినారు, అది. పొద్దుగూకే వేళకు చౌపాటీ సముద్రం. అందరూ అక్కడ ఇసుకలో కూర్చుని భేల్ తింటారు. నేను ఎప్పుడూ తినలేదు. ఒక్కణ్నే తినబుద్ధి కాక దాచుకున్నాను.

ఇక జాగ్రత్తలు. ఇక్కడి లోకల్ బండ్లలో ఆడవాళ్లకు వేరే డబ్బా ఉంటుంది. నువ్వు అందులో ఎక్కు, నేను పక్క డబ్బాలో ఎక్కుతాను. మన స్టేషన్ రాగానే నేను దిగి పిలుస్తాను, వెంటనే దిగు. ఇవి ఆగినట్టే ఆగి పోతాయి. ఒకవేళ తప్పిపోతే ఎటూ కదలకు. పోలీసాయన దగ్గరికి పోయి నా పేరు చెప్పు, మైకులో పిలిపిస్తాడు. నా పేరు నీకు తెలుసో లేదో నాకు అనుమానమే. బండిలో కూర్చుని నేర్చుకుంటూ రా.

ఎప్పుడు వస్తావో అని చూస్తున్న
హనుమండ్లు


బొంబాయి, వర్లీ
కార్తీక మాసం

భూమవ్వకు,

మీరు చేరినారని మామ కార్డు రాసినాడు. నువ్వు రాయలేదు.

ఆ రోజు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. చౌపాటీలో అల వచ్చి కాళ్లను తాకితే నువ్వు చీర కుచ్చిళ్లు పట్టుకుని కేకలేసినావు. భేల్ తిని కారమని కండ్లనీళ్లు పెట్టుకున్నావు, మళ్లీ తెమ్మన్నావు. ఆ సంతోషం మీదనే చర్నీ రోడ్‌లో లోకల్ ఎక్కినాము. లోయర్ పరేల్‌లో నేను దిగి ఆడవాళ్ల డబ్బా ముందర నిలబడి, "ఇగో, దిగు! ఇగో, నిన్నే, దిగు!" అని గొంతు చినిగేటట్టు మొత్తుకున్నాను. నువ్వు దిగలేదు. బండి నిన్ను తీసుకుని పోయింది.

వెనుక బండి ఎక్కి ప్రతి స్టేషన్‌లో దిగి వెతికినాను. దాదర్‌లో కూడా దిగినాను. నిన్ను అప్పటికే పోలీసు గదిలో కూర్చోబెట్టినారని నాకేం తెలుసు? అంధేరి దాకా పోయి, ఏడుపు ఆపుకుంటూ తిరిగి వచ్చినాను. బాగా రాత్రయినాక ఎవరో కూలీ చెబితే దాదర్ పోలీసు గదికి పోయినాను. బల్ల మీద ముడుచుకుని కూర్చున్నావు. "పేరు చెప్పవమ్మా, మైకులో పిలిపిస్తానంటే తల ఊపుతుంది గాని నోరు తెరవదు" అని ఆ పోలీసాయన హిందీలో నాతో అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు జాతరలో ఎవరిని చూసి నవ్వినావో జ్ఞాపకం ఉందా?

ఆ బల్ల దగ్గరే నిన్ను తిట్టినాను. నాకంటే నీకు ఆచారం ఎక్కువయిందా అన్నాను. భివండి నుంచి మామను రప్పించి మరునాడే ఆయన వెంట బండి ఎక్కించినాను. ఇంకా రెండు దినాలు ఉండవలసినదానివి. కోపంతో కాదు, భయంతో పంపినాను. మళ్లీ తప్పిపోతే నేనేం కావాలి?

ఈ ఊరు నీకు పనికిరాదు భూమవ్వా. పెనిమిటి పేరు చెప్పలేనిదానివి ఇక్కడ బతకలేవు. శివరాత్రికి నేనే వస్తాను. ఇక పిలిపించమని నన్ను అడగకు, వస్తానని నువ్వు అనకు.

హనుమండ్లు


వేములవాడ
మార్గశిర మాసం

ఇంటాయనకు,

ఇగో అంటే ఎవరు? ఆ డబ్బా నిండా ఆడవాళ్లే. బయట ప్లాట్‌ఫారం నిండా అరిచే మగవాళ్లే. నీ గొంతు విన్నట్టే అనిపించి లేచినాను. చేపల గంప ఒకటి అడ్డం వచ్చింది. నన్నే పిలిచినావో, ఇంకెవరిని ఎవరు పిలిచినారో అని ఒక్క ఘడియ ఆగినాను. అంతే, బండి కదిలింది. పక్క ఆమె దాదర్ దాదర్ అంటే, మొదటినాడు దిగిన ఊరే కదా అని దిగినాను.

నేను నోరు తెరవలేదని పోలీసాయన చెప్పినాడు, నువ్వు నమ్మినావు. నోరు తెరిచినాను. వచ్చీరాని ఉర్దూలో నా పేరు చెప్పినాను. వేములవాడ భూమవ్వ ఇక్కడ ఉన్నదని మైకులో పిలవండి, వింటే ఉరికి వస్తాడు అన్నాను. ఆయన నవ్వి, మగమనిషి పేరు చెప్పు అన్నాడు. అడిగిన కొద్దీ గొంతు పెంచినాడు. ఆ టోపీ, ఆ లాఠీ, పేరు చెప్పుమనే ఆ గొంతు చూసి నా నాలుక మొద్దుబారింది.

మా బాపు రజాకార్ల కాలంలో పోయినాడని నీకు తెలుసు. ఎట్ల పోయినాడో నేను చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలం. టోపీలు పెట్టుకుని, లాఠీలు పట్టుకుని రజాకార్లు మా ఇంటికి వచ్చినారు. బాపు మగ్గం గుంటలో దిగి దాక్కున్నాడు. మీద పడుగు ఉన్నది, వాళ్లకు కనబడలేదు. వాళ్లు మెత్తగా మాట్లాడినారు. "గీ ఇల్లు ఎవరిదమ్మా? పేరు చెప్పు, రాసుకొని పోతం" అన్నారు. అవ్వ తలుపు చాటు నుంచి బాపు పేరు చెప్పింది. తన బతుకులో ఆ పేరు తీసింది అదే మొదలు. వాళ్లు వెతుకుతున్నది ఆ పేరునే. ఇల్లంతా చిందరవందర చేసి, పడుగు కోసి, బాపును గుంటలో నుంచి గుంజుకుపోయినారు. మళ్లీ రాలేదు. అవ్వ పోయేదాకా ఒకటే మాట అన్నది. "గా ఒక్కపాలి పేరు తీసిన బిడ్డా. తీసుడుతోనే మీ బాపు పోయిండు."

ఇప్పుడు తిట్టు. ఆచారం ఎక్కువ, నువ్వు తక్కువ అని మళ్లీ రాయి. నువ్వు బతికి ఉండాలనే నేను నోరు మూసుకున్నాను. దానికి నన్ను బండి ఎక్కించి పంపినావు.

పళ్లెం ఇప్పుడు నాది ఒక్కటే కడుగుతున్నాను.

భూమవ్వ


బొంబాయి, వర్లీ
పుష్య మాసం

నా భూమవ్వకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చెమటకు మడతలు చినిగిపోయినాయి.

నీకు తెలియకుండా నేనూ ఒకటి దాచినాను. నేను పండుకునే జాగా నాది కాదు. ఒక్క గదిలో పగటి పని వాళ్లు, రాత్రి పని వాళ్లు అందరం ఉంటాము. ఒకడు లేచి మిల్లుకు పోతే వాని చాప మీద ఇంకొకడు పండుకుంటాడు. చాప ఎప్పుడూ చల్లారదు. ఇది నీకు ఏ ముఖంతో రాయను? అందుకే ట్రాములూ సముద్రమూ రాసినాను. మొగుడు బొంబాయిలో రాజ్యం ఏలుతున్నాడని నువ్వు అనుకోవాలని. నిన్ను పంపిన దాంట్లో ఈ సిగ్గు కూడా ఉన్నది.

నువ్వు అడిగిన మాట నిజమే. ఇగో అంటే ఎవరు? నా పేరు చెప్పలేదని నిన్ను అన్నాను గాని, నీ పేరు నేను పిలిచినానా? నలుగురిలో పెండ్లాన్ని పేరు పెట్టి పిలిస్తే నవ్వుతారని నాకూ సిగ్గే. పోయిన ఆదివారం లోయర్ పరేల్‌కు పోయినాను. ఆడవాళ్ల డబ్బా వచ్చి ఆగగానే దాని ముందర నిలబడి "భూమవ్వా!" అని పిలిచినాను. ఆడవాళ్లంతా పిచ్చివాణ్ని చూసినట్టు చూసినారు. ఒకామె పిల్లను దగ్గరికి లాక్కున్నది. నాకు సిగ్గనిపించలేదు. బండి పోయినాక నువ్వు దిగలేదని మాత్రం ఏడుపు వచ్చింది.

నా పేరు ఎన్నడూ చెప్పకు. తోకస్వామి అన్నా, ఇంటాయన అన్నా నేనే పలుకుతాను.

శివరాత్రికి వస్తానన్నాను, సెలవు దొరకలేదు. సత్తవ్వ ఖానావళిలో రొట్టెలు చేసే ఆమె ఊరికి పోయింది. వంటింటి మీద అటక ఖాళీగా ఉన్నది. నిలబడితే తల తగులుతుంది గాని తలుపు ఉన్నది, గొళ్లెం ఉన్నది. "నీ పెండ్లాం పనికి నిలబడితే ఇద్దరు మీదనే ఉండుండ్రి" అన్నది సత్తవ్వ. ఆమె చెప్పమన్నది, చెప్పినాను. నిన్ను రమ్మనే మొగం నాకు లేదు. రావద్దని మాత్రం ఇక అనను.

ట్రాము ఎక్కినప్పుడల్లా కిటికీ పక్క జాగా వదిలే కూర్చుంటున్నాను.

హనుమండ్లు


వేములవాడ
ఫాల్గుణ మాసం, 1959

నా ఇంటాయనకు భూమవ్వ దండాలు పెట్టి రాసేది.

జాతర అయిపోయింది. ఊళ్లో ఇంకా దుమ్ము దిగలేదు. ఈసారి నేను గుడి ముందర మైకు దగ్గర కూర్చున్నాను. తప్పిపోయినవాళ్ల పేర్లు రాసి ఇవ్వడానికి చదువు వచ్చిన ఆడమనిషి కావాలంటే మామ నన్ను తీసుకుపోయినాడు.

సాయంత్రం ఒక పిల్ల వచ్చింది. కొత్త పెండ్లికూతురు, చేతుల నిండా పసుపు. మొగుడు తప్పిపోయినాడు. పేరు అడిగితే తల ఊపుతుంది, ఏడుస్తుంది. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. పోయిన ఏడు నేను నవ్వినట్టే. ఆ పిల్ల కూర్చున్న తీరు చూస్తే దాదర్‌లో బల్ల మీద నేనే కూర్చున్నట్టు అనిపించింది. పక్కకు పోయి, "చెప్పు బిడ్డా, ఏం కాదు" అన్నాను. ఆమె నా మొగం చూసి, "నీ మొగని పేరు నువ్వు చెప్తవా అక్కా? నువ్వు చెప్పు, నేను చెప్త" అన్నది.

ఏం చేయను? అవ్వ జ్ఞాపకం వచ్చింది. అయితే ఆ రోజు మా ఇంట్లో పేరు అడిగినవాళ్లు మనిషిని గుంజుకుపోవడానికి అడిగినారు. ఇక్కడ అడుగుతున్నది మనిషిని కలపడానికి. ఈ మాట నాకు దాదర్‌లో తోచలేదు. మైకు గుంజుకున్నాను. కండ్లు మూసుకుని, వేములవాడ నుంచి బొంబాయి పోయిన ఫలానా ఆయన ఎక్కడున్నా గుడి ముందరికి రావాలె, భూమవ్వ చూస్తున్నది అని పిలిచినాను. ఫలానా అనలేదు, పేరే తీసినాను. జాతరంతా విన్నది. ఆ పిల్ల కండ్లు తుడుచుకుని మొగుడి పేరు చెప్పింది. పిలిచిన కాసేపటికి వాడు చెప్పులు చేతిలో పట్టుకుని ఉరికి వచ్చినాడు.

నీ పేరు విని ఉరికి వచ్చింది మీ అక్క. దర్శనం వరుస వదిలిపెట్టి, కొంగు జారుతుంటే రొప్పుతూ వచ్చి, "మా తమ్ముడు వచ్చిండా? ఏడీ?" అన్నది. రాలేదు వదినా, నేనే పిలిచినా అన్నాను. "పెండ్లినాడు గడపల నువ్వు చెప్పింది నాకు సుత ఇనపడలే పిల్లా. ఆకలైతున్నదేమోనని దారి ఇడిచిన. గిప్పుడు ఇనపడ్డది" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

తర్వాత భయం పట్టుకున్నది. పేరు తీసినాను కదా, నీకు ఏమవుతుందో అని అన్నం సయించలేదు. పోస్టాయన వచ్చే వేళకు రోజూ వాకిట్లో నిలబడినాను. నిన్న నీ కార్డు వచ్చింది. దగ్గు కూడా లేదని, మొన్న ట్రాములో నా జాగాలో మళ్లీ ఎవరో కూర్చున్నారని రాసినావు. తారీఖు చూసినాను. జాతర అయిపోయినాక రాసిందే. కార్డు పట్టుకుని ధర్మగుండం దగ్గర కూర్చుని నవ్వినాను, ఏడ్చినాను. చూసినవాళ్లు యాత్రికురాలు తప్పిపోయిందనుకుని ఏ ఊరమ్మా అని అడిగినారు.

సత్తవ్వకు చెప్పు, నేను వస్తున్నాను. అటకలో తల తగిలితే వంగి నడుస్తాను. ఈసారి మామ రాడు, ఒక్కదాన్నే. కామారెడ్డిలో ఎక్కుతాను, మన్మాడ్‌లో మారతాను. చాయ్ తాగను. వదిన నీ పళ్లెం మూటలో కట్టింది. పక్కపక్కన పెట్టుకోవడానికి రెండూ తెస్తున్నాను.

ఈ ఉత్తరం కవరు చూసినావా? చూడకుండా చించి ఉంటే మళ్లీ తీసి చూడు. మీద ఉన్నది మామ కోడిగీతలు కావు.

హోలీ మరునాడు దాదర్‌లో దిగుతాను. నువ్వు నిలబడి ఉండు. నేను కనబడగానే ఇగో అనకు, పేరు పెట్టి పిలువు. ఎంతమంది నవ్వినా సరే. ఒకవేళ గుంపులో నువ్వు కనబడకపోతే నాకు ఫికర్ లేదు. ఆ పోలీసాయన దగ్గరికే పోతాను. పేరు చెప్పమంటాడు. చెబుతాను, వినపడలేదని నువ్వు మళ్లీ అనకుండా గట్టిగానే చెబుతాను.

హనుమండ్లు. నా పెనిమిటి పేరు హనుమండ్లు.

భూమవ్వ